పిల్లి గీరిందని చెప్పేయండి

మోకాలి మార్పిడి చేయించుకుని ఇంటికి బయల్దేరేటప్పుడు ఆసుపత్రివాళ్లు చేతిలో పెట్టే కాగితంలో చాలానే ఉంటాయి. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి, కుట్లు ఎప్పుడు విప్పుతారు, మెట్లెక్కేటప్పుడు ఏ కాలు ముందు పెట్టాలి, కింద కూర్చోవచ్చా కూడదా. ఇంట్లో కుక్క ఉందా, పిల్లి ఉందా అన్న ప్రశ్న మాత్రం అందులో కనిపించడం అరుదు. డాక్టరుగారు అడగరు, మనం చెప్పం. అడగనిదానికి జవాబివ్వడం మనకు అలవాటు లేదు. పైగా అంత పెద్ద డాక్టరు ముందు పిల్లి కబుర్లు చెబితే నవ్వుతారేమోనన్న బిడియం ఒకటి.

ఈ అధ్యాయం ఆ బిడియం గురించి. సూక్ష్మజీవుల సంగతీ మందుల సంగతీ కూడా వస్తాయి గానీ, అవి ఆ బిడియానికి మనం కట్టే ధర ఎంతో తెలియడానికే.

భయపెట్టే ఉద్దేశం లేదు. మోకాలో తుంటో మొదటిసారి మార్పించుకున్నవాళ్లలో ఇన్ఫెక్షన్ బారిన పడేది నూటికి ఒకరో ఇద్దరో. ఆ ఒకరిద్దరిలోనూ ఎక్కువమందికి కారణం మన చర్మం మీద, మన ముక్కులో కాపురముండే స్టెఫిలోకాకస్ జాతి బ్యాక్టీరియా. కుక్క నోటి నుంచో పిల్లి గోటి నుంచో వచ్చిన బ్యాక్టీరియా కృత్రిమ కీలును పట్టడం ఎంత అరుదంటే, అలాంటి కేసు ఒక్కటి ఎదురైనా డాక్టర్లు దాన్ని వైద్య పత్రికలో ప్రచురిస్తారు. కాబట్టి ఇది చదివి మీ బ్రూనోనో చింటూనో ఎవరికో ఇచ్చేయకండి. మార్పిడి తర్వాత నడక అలవాటు కావడానికి కుక్కను తిప్పడం కంటే మంచి సాకు నాకు తెలిసి లేదు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు ఇంట్లో ఒక ప్రాణి తిరుగుతుంటే ఉండే ఊరట ఏ మాత్రలోనూ దొరకదు.

మరి ఇంత అరుదైనదానికి ఒక అధ్యాయం ఎందుకంటే, ఇక్కడ జాగ్రత్తకు ఖర్చు దాదాపు లేదు, ఆలస్యానికి మాత్రం చాలా ఉంది.

*

మామూలు మోకాలికీ మార్పించిన మోకాలికీ తేడా ఒక పాత ప్రయోగంతో బాగా తెలుస్తుంది. 1957లో ఎలెక్, కోనెన్ అనే ఇద్దరు పరిశోధకులు వాలంటీర్ల చర్మంలోకి స్టెఫిలోకాకస్ బ్యాక్టీరియాను ఎక్కించి, చీము పట్టడానికి ఎన్ని కావాలో లెక్క చూశారు. ఉత్త చర్మంలో అయితే పది లక్షలకు పైగా ఎక్కిస్తే గానీ చీము పట్టలేదు. అదే చర్మంలో ఒక పట్టుదారం కుట్టు ఉంటే కొన్ని వందలు చాలాయి. ఒంటిది కాని వస్తువు ఒంట్లో ఉన్నచోట మన రక్షణ వ్యవస్థ అంతగా చతికిలబడుతుందన్నమాట. అది చిన్న దారం. మోకాలిలో ఉన్నది కోబాల్ట్-క్రోమియం లోహమూ, మధ్యలో ప్లాస్టిక్ పలకా, ఎముకకు అంటించిన సిమెంటూ.

ఆ లోహానికి రక్తనాళాలు ఉండవు. రక్తం లేనిచోటికి తెల్లకణాలు చేరలేవు, మందు కూడా సరిగ్గా అందదు. బ్యాక్టీరియా అక్కడ అతుక్కుని తన చుట్టూ ఒక జిగురు పొర అల్లుకుంటుంది. దీన్నే బయోఫిల్మ్ అంటారు. నీళ్ల తొట్టి గోడకు పట్టిన పాకుడు ఎన్ని బిందెల నీళ్లు గుమ్మరించినా పోదు, చీపురు పెట్టి గీకాల్సిందే. ఈ పొరా అంతే. మొదటి రోజుల్లో పలచగా ఉంటుంది, వారాలు గడిచేకొద్దీ ముదురుతుంది. ముదిరాక యాంటీబయాటిక్ ఒక్కదానితో లొంగదు.

చాలామంది పొరబడేది ఇక్కడే. బ్యాక్టీరియా మోకాలిని చేరడానికి మోకాలి మీదే గాయం కానక్కర్లేదు. చేతి మీద పిల్లి గీసిన గీతలోంచో, పాదం పగుల్లోంచో రక్తంలోకి దిగి, రక్తంతో పాటు ప్రయాణించి లోహాన్ని పట్టుకోగలదు. ఆపరేషన్ అయి అయిదేళ్లయినా, పదేళ్లయినా ఆ దారి మూసుకుపోదు. కుట్టు మానింది కదా, ఇక పర్వాలేదు అనుకోవడానికి లేదు.

*

ఇక జంతువుల వైపు. ఈ కథలో అందరికంటే ఎక్కువసార్లు కనిపించే పేరు పాశ్చురెల్లా మల్టోసిడా. లూయీ పాశ్చర్ 1880 ప్రాంతంలో కోళ్ల కలరా మీద పనిచేస్తూ పరిశోధించిన సూక్ష్మజీవి ఇదే, పేరు కూడా ఆయనదే. మన పల్లెల్లో పశువులున్న ఇళ్లవాళ్లకు ఇది కొత్త శత్రువేమీ కాదు. తొలకరికి ముందు గేదెలకు టీకా వేయించే గొంతువాపు, అదే గురక వ్యాధి, ఈ జాతి బ్యాక్టీరియాలో మరో రకం వల్లే వస్తుంది. పిల్లుల నోట్లో ఉండేది ఆ రకం కాదు, పిల్లిని అదేమీ బాధించదు కూడా. ఆరోగ్యంగా ఉన్న పిల్లుల్లో 70 నుంచి 90 శాతం దాన్ని నోట్లో మోస్తుంటాయి. కుక్కల్లో అంతకంటే తక్కువ, రమారమి సగం దాకా. పిల్లి తన పంజాలు తనే నాక్కుంటుంది కాబట్టి గోళ్లకూ అంటుతుంది.

1999లో వెలువడిన ఒక అధ్యయనం కోసం అమెరికాలోని 18 ఎమర్జెన్సీ విభాగాల్లో, కరిచి చీము పట్టిన గాయాలను పరీక్షించారు. పిల్లి కాట్లలో 75 శాతంలో, కుక్క కాట్లలో 50 శాతంలో పాశ్చురెల్లా ఉంది. పిల్లి కరిస్తే సగటున 12 గంటల్లో, కుక్క కరిస్తే 24 గంటల్లో లక్షణాలు మొదలయ్యాయి. ఈ గంటలు గుర్తుంచుకోండి. పొద్దున పిల్లి కరిచి సాయంత్రానికి చెయ్యి ఎర్రగా ఉబ్బిందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

పిల్లికాటు చూడ్డానికి ఏమీ ఉండదు. కుక్క పళ్లు మొద్దు, చర్మాన్ని చీలుస్తాయి, రక్తం కారుతుంది, ఇల్లంతా హడావిడి. పిల్లి పన్ను సూదిలా లోతుకు దిగి బయటికొస్తుంది, పైన చిన్న చుక్క మిగులుతుంది. ఆ చుక్క గంటకే మూసుకుపోతుంది, లోపలికెళ్లింది లోపలే ఉండిపోతుంది. చూసేవాళ్లకు కుక్కకాటే పెద్ద ప్రమాదంగా కనిపిస్తుంది గానీ, చీము పట్టే విషయంలో పిల్లికాటే ముందుంటుంది.

మరో రెండు పేర్లు క్లుప్తంగా. క్యాప్నోసైటోఫాగా కానిమోర్సస్ అనేది కుక్కల నోట్లో ఉంటుంది. ప్లీహం తీసేయించుకున్నవాళ్లకు, లివర్ చెడినవాళ్లకు, మద్యం ఎక్కువగా తాగేవాళ్లకు ఇది ప్రాణాంతకం కాగలదు. ల్యాబులో మెల్లగా పెరుగుతుంది కాబట్టి ఆలస్యంగా బయటపడుతుంది. కుక్కల చర్మం మీద ఉండే స్టెఫిలోకాకస్ సూడింటర్మీడియస్ రెండోది. మనుషుల స్టెఫిలోకాకస్‌తో పోలిక ఎక్కువ, ల్యాబులో ఒకదాన్ని మరొకటిగా పొరబడే అవకాశం ఉంది. ఇంట్లో కుక్క ఉందన్న ఒక్క ముక్క ల్యాబు దాకా వెళితే ఆ పొరపాటు తప్పుతుంది.

*

కృత్రిమ కీలున్న మనిషి ఇంట్లో రోజూ చేయగలిగిన పనుల్లో నేను అన్నిటికంటే ముందు పెట్టేది పాదాల సంరక్షణ. మన ఇళ్లలో చెప్పుల్లేకుండా తిరుగుతాం. అరవై దాటిన ఆడవాళ్లలో మడమలు పగలనివాళ్లు తక్కువ. మోకాలు మార్పించుకున్నాక కింద కూర్చోవడం మానేసి రోజంతా కుర్చీలోనే కూర్చుంటారు, కాళ్లు నేల మీద ఉంటాయి. కుక్క వచ్చి పక్కన పడుకుని ఆ పాదాలు నాకుతూ ఉంటుంది. అదొక ముచ్చట, ఎవరూ అదిలించరు. ఆ పగుళ్లలో ఒకటి రక్తం చెమ్మగిల్లేంత లోతుగా ఉంటే అది తెరిచి ఉన్న గాయమే. సుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు పుండు పడిన సంగతి కూడా తెలియదు, నాకిన సంగతి అంతకన్నా తెలియదు.

రాత్రి పడుకోబోయే ముందు పాదాలు కడుక్కుని, తుడుచుకుని, వాజలైన్ రాసి పల్చటి సాక్సులు వేసుకోండి. నెల తిరిగేసరికి చాలామందికి మడమ మెత్తబడుతుంది. పాదం అడుగు కనబడకపోతే అద్దం పెట్టి చూసుకోండి, లేదా మనవడిని చూడమనండి. పగులు లోతుగా ఉన్నన్నాళ్లూ కుక్క నాలుకను అటు రానివ్వకండి. పగుళ్లు లేని మామూలు చర్మాన్ని నాకితే చింత లేదు, సబ్బుతో కడుక్కుంటే సరి.

గోళ్ల సంగతి. పిల్లి గోళ్ల చివరలు రెండు మూడు వారాలకోసారి కత్తిరించండి. కుక్కకు పశువుల డాక్టరు దగ్గర తీయిస్తే చాలు. పిల్లిపిల్లతో చేతివేళ్లు ఆడించకండి, దారం కట్టిన పుల్లతో ఆడించండి. చేతులతో ఆడి పెరిగిన పిల్లి చేతుల్నే వేటగా నేర్చుకుంటుంది, పెద్దదయ్యాక ఆ అలవాటు మాన్పడం కష్టం. ఒళ్లో కూర్చోబెట్టుకునేటప్పుడు మోకాళ్ల మీద దళసరి తుండు పరుచుకోండి. పిల్లికి ప్రేమ పుడితే ఒళ్లో పంజాలు పిసుకుతుంది, నూలు చీరలోంచి గోరు దిగుతుంది. కుక్కలు కొట్టుకుంటుంటే చెయ్యి అడ్డం పెట్టకండి. బకెట్టుడు నీళ్లు కొట్టండి.

ఆపరేషన్‌కు ముందు వారాల్లో ఒంటి మీద గీతలు లేకుండా చూసుకోండి. ఏ సర్జన్ అయినా కాలి మీద మానని పుండు కనిపిస్తే తేదీ వాయిదా వేస్తారు, వేయాలి కూడా. ఆ పుండు దాచిపెట్టి బల్ల ఎక్కడం మీకు మీరే చేసుకునే ద్రోహం. ఇంటికొచ్చాక కుట్టు పూర్తిగా మానేదాకా కుక్కకూ పిల్లికీ మీ మంచం మీద చోటు లేదు. కట్టు మార్చేటప్పుడు గది తలుపు వేసుకోండి.

ఇన్ఫెక్షన్‌తో సంబంధం లేని ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను, దాటేయడానికి మనసొప్పడం లేదు. కొత్త మోకాలున్నవాళ్లకు కుక్క వల్ల వచ్చే ప్రమాదాల్లో బ్యాక్టీరియా కంటే మామూలుది కాళ్లకు అడ్డం పడటం. అమెరికాలో కుక్కల, పిల్లుల కారణంగా పడి దెబ్బలు తగిలి ఎమర్జెన్సీకి వెళ్లేవాళ్లు ఏటా దాదాపు 86,000 మంది అని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2009లో లెక్క చెప్పింది. అత్యధికం కుక్కల వల్లే. వాకర్‌తో నడిచే రోజుల్లో కుక్కను కట్టేయండి. తాడు మీ చేతిలో ఉంచుకుని వాకర్ తోయకండి.

*

కరిచిందనుకోండి, లేదా రక్తం వచ్చేలా గీరింది. మన దేశంలో మొదటి ఆలోచన మోకాలి గురించి కాదు, రేబిస్ గురించే. పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగండి, లేకపోతే రెండు నిమిషాలకే చాలనిపిస్తుంది. పసుపు, కాఫీ పొడి, సున్నం, కారం, ఏదీ గాయంలో పెట్టకండి. కడిగాక పోవిడోన్ అయోడిన్ రాసి, గట్టిగా కట్టు కట్టకుండా ఆసుపత్రికి వెళ్లండి. రేబిస్ టీకా ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా వేస్తారు. పెంపుడుదే, దానికి ఇంజక్షన్లు వేయించాం అని మీరే తీర్పు చెప్పేసుకోకండి, ఆ కాగితాలు తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. చిట్లిన చర్మాన్ని జంతువు నాకినా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అది మూడో తరగతి ప్రమాదమే, అంటే పన్ను దిగిన కాటుతో సమానం. మడమ పగులు గురించి అంత పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం.

ఆసుపత్రిలో రేబిస్ టీకా వేస్తారు, ధనుర్వాతం ఇంజక్షన్ గురించి అడుగుతారు. తర్వాత అందరూ లేచి వచ్చేస్తారు. మీరు లేవకండి. “నాకు మోకాలిలో లోహం ఉందండీ” అనండి. ఆ ఒక్క వాక్యంతో డాక్టరు ఆలోచన మారొచ్చు. మామూలు మనిషికి చిన్న గీతకు యాంటీబయాటిక్ అక్కర్లేకపోవచ్చు. పిల్లికాటో, చేతి మీద లోతైన గాయమో, సుగరో, స్టెరాయిడ్లో, కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడకమో ఉంటే ముందుజాగ్రత్తగా కొన్ని రోజుల కోర్సు ఇస్తారు.

ఆ మందు ఏదన్నదీ ముఖ్యమే. పాశ్చురెల్లా పెన్సిలిన్ కుటుంబానికి బాగా లొంగుతుంది. కాట్లకు డాక్టర్లు ఎక్కువగా రాసేది అమాక్సిసిలిన్-క్లావులనేట్. మెడికల్ షాపుల్లో పుండ్లకు అలవాటుగా చేతికిచ్చే సెఫాలెక్సిన్ దీని మీద సరిగా పనిచేయదు. క్లిండామైసిన్, ఎరిత్రోమైసిన్ కూడా అంతే. అయిదు రోజులు మాత్రలు మింగి, నా వంతు నేను చేశానన్న నమ్మకంతో కూర్చుంటారు, లోపల దాని పని అది చేసుకుపోతుంటుంది. మందు పేరు మీరు ఎంచుకోవడానికి ఇది చెప్పడం లేదు. షాపు కౌంటరు దగ్గర ఎందుకు ఆగిపోకూడదో తెలియడానికి చెబుతున్నాను. పెన్సిలిన్ పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి, వాళ్లకు వేరే మందులున్నాయి.

*

ఇక అసలు రోజు. ఏడాదిగా హాయిగా ఉన్న మోకాలు ఒక పూట ఉన్నట్టుండి వేడెక్కింది, ఉబ్బింది, కాలు మోపితే ప్రాణం పోతోంది. చలిజ్వరం ఉండొచ్చు. పెద్ద వయసువాళ్లకు, స్టెరాయిడ్లు వాడేవాళ్లకు జ్వరం రాకపోనూ వచ్చు, జ్వరం లేదు కదా అని సర్దిచెప్పుకోకండి. ఆపరేషన్ అయిన తొలి నెలల్లో కొంత వేడి, కొంత వాపు మామూలే, సాయంత్రానికి పెరిగి పొద్దుటికి తగ్గుతుంటాయి. నేను చెబుతున్నది బాగున్నది బాగులేకుండా పోవడం.

ఆ రోజు చేయకూడని పని ఒకటుంది. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు వేసుకోవడం. నొప్పికి పారాసిటమాల్ వేసుకోండి, పర్వాలేదు. యాంటీబయాటిక్ మాత్రం వద్దు. ఎందుకంటే ఇప్పుడు డాక్టరు కీలులోంచి సూదితో ద్రవం తీసి ల్యాబుకు పంపాలి. అందులో బ్యాక్టీరియా పెరిగితే దాని పేరు తెలుస్తుంది, దానికి లొంగే మందు తెలుస్తుంది. మీరు ముందే రెండు మాత్రలు మింగితే లోహం మీది పాకుడు పోదు గానీ, ద్రవంలో ఉన్నవి చచ్చి కల్చర్ ఖాళీగా వస్తుంది. దొంగ ఇంట్లోనే ఉంటాడు, వేలిముద్రలు మాత్రం చెరిగిపోతాయి. దీనికి ఒక మినహాయింపు ఉంది. మనిషి సోలిపోతుంటే, బీపీ పడిపోతుంటే, మాట తడబడుతుంటే ఏ పరీక్ష కోసమూ ఆగకూడదు. వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి, అక్కడ డాక్టర్లే మందు మొదలుపెడతారు.

మందుల షాపుకూ కాదు, వీధి చివరి క్లినిక్‌కూ కాదు, ఆపరేషన్ చేసిన సర్జన్‌కే ఫోను చేయండి. రక్తంలో సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ చూస్తారు. ద్రవం తీస్తారు. సరిగ్గా అప్పుడే, ఎవరూ అడగకపోయినా, పిల్లి సంగతి చెప్పండి. పోయిన వారం గీరిందనో, రోజూ పాదాలు నాకుతుందనో, వీధికుక్కలకు అన్నం పెడతాననో. అది ద్రవంతో పాటు ల్యాబు కాగితం మీదికి ఎక్కాలి. ఏం వెతకాలో తెలిస్తే ల్యాబువాళ్లు వెతికే తీరు మారుతుంది. మెల్లగా పెరిగేవాటి కోసం కల్చర్ పళ్లాలను 14 రోజుల దాకా ఉంచగలరు, అవసరమైతే బ్యాక్టీరియా జన్యువులను గుర్తుపట్టే పరీక్షకు పంపగలరు.

త్వరగా వెళ్లినవాళ్లకు దక్కేది ఏమిటో చూడండి. లక్షణాలు మొదలై మూడు వారాలు దాటకుండా, లోహం ఎముకకు గట్టిగా పట్టి ఉంటే, చాలాసార్లు కీలును తీయకుండానే కాపాడే ప్రయత్నం చేస్తారు. మోకాలు తెరిచి, చెడిన కణజాలం గీకేసి, కడిగి, మధ్యలోని ప్లాస్టిక్ పలక మార్చి, వారాల తరబడి యాంటీబయాటిక్ ఇస్తారు. ఎన్ని వారాలన్నదానికి ఫ్రాన్స్‌లో జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2021లో జవాబు చెప్పింది. 6 వారాలు మందు వాడినవాళ్లలో 18 శాతం మందికి ఇన్ఫెక్షన్ మిగిలిపోగా, 12 వారాలు వాడినవాళ్లలో అది 9 శాతమే. బాగానే ఉంది కదా అని నెలన్నరకే మానేద్దామనిపించినప్పుడు ఈ అంకెలు గుర్తు చేసుకోండి.

ఆలస్యంగా వెళ్లినవాళ్ల దారి వేరు. మార్పించిన కీలు మొత్తం తీసేస్తారు. దాని చోట యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు ముక్క పెడతారు. ఇన్ఫెక్షన్ పోయిందని తేలాక, నెలలు గడిచాక, మళ్లీ కొత్త కీలు వేస్తారు. రెండు పెద్ద ఆపరేషన్లు, మధ్యలో వాకర్ బతుకు, మొదటిసారి కంటే చాలా ఎక్కువ ఖర్చు. మోకాలి మార్పిడి ఇంప్లాంట్ల ధరలకు 2017 ఆగస్టులో కేంద్రం పరిమితి పెట్టింది నిజమే గానీ, ఈ రెండో దఫా బిల్లులో ఇంప్లాంటు ఒక పద్దు మాత్రమే.

*

ఇంత తెలిశాక కూడా మన పెద్దవాళ్లు చెప్పరు. వాళ్ల తరం నేర్చుకున్న మర్యాద అది. “ఏం లేదులే, కాస్త గీరుకుంది.” పిల్లలకు ఇబ్బంది కలిగించకూడదు, డబ్బు ఖర్చు చేయించకూడదు. అమెరికాలో ఉన్న కొడుకింటికి ఆరు నెలలకు వెళ్లిన అమ్మ విషయంలో ఈ మర్యాద ఇంకా గట్టిది. ఆ ఇంట్లో బ్రూనో అనే లాబ్రడార్ ఉంటుంది, మనవరాలికి అది తోడబుట్టినదాని కింద లెక్క. అది గీరిందని నానమ్మ నోరు విప్పితే కుక్క మీద నేరం మోపినట్టవుతుంది, కోడలు నొచ్చుకుంటుంది. పైగా అక్కడ డాక్టరంటే ఎంతవుతుందో ఆవిడ విని ఉంది. కాబట్టి ఇండియా నుంచి తెచ్చుకున్న మందుల సంచి తెరుస్తుంది. అందులో సెఫిక్సిమ్ ఉంటుంది, అజిత్రోమైసిన్ ఉంటుంది. అక్కడ చీటీ లేకుండా దొరకవని స్ట్రిప్పులకు స్ట్రిప్పులు తెచ్చుకుని ఉంటుంది. రెండు రోజులు మింగుతుంది. మోకాలు కాస్త నెమ్మదిస్తుంది. మూడు వారాలు అలా జరిగిపోతాయి.

ఈ పేజీ మీరు అమ్మకు చదివి వినిపించినా ఆవిడ మారకపోవచ్చు, మారాల్సింది పిల్లల ప్రశ్న. “బాగున్నావా అమ్మా” అని అడిగితే వచ్చేది “బాగున్నాను” అనే. ఆ ప్రశ్నకు మరో జవాబు మన భాషలో లేదేమో. “ఇవాళ బ్రూనో ఎక్కడైనా గీరిందా, చూపించు” అని అడిగితే చెయ్యి చాపుతుంది. దాంతో పాటు, “చెప్పినందుకు బ్రూనోను ఎవరూ ఏమీ అనరు” అని కూడా అనాలి, మనవరాలి ముందే అనాలి. చెప్పిన రోజు విసుక్కోకూడదు. గీత ఏమీ లేనిదని తేలినా సరే, ఒక్కసారి విసుక్కుంటే రెండోసారి ఆవిడ చెప్పదు.

విమానం ఎక్కేముందు విజిటర్ ఇన్సూరెన్స్ కాగితాలు చదవండి. పాత జబ్బులకు వర్తించదన్న షరతు చాలా పాలసీల్లో ఉంటుంది, మార్పించిన మోకాలికి వచ్చిన ఇన్ఫెక్షన్‌ను ఏ కోవలో వేస్తారో కంపెనీని రాతపూర్వకంగా అడిగి జవాబు దగ్గర పెట్టుకోండి. డిశ్చార్జి సమ్మరీని, ఇంప్లాంటు తయారీ వివరాల స్టిక్కర్లున్న కాగితాన్ని ఫొటో తీసి అమ్మ ఫోనులోనూ, మీ ఫోనులోనూ ఉంచండి. కీలు విప్పాల్సి వస్తే, లోపలున్నది ఏ కంపెనీది, ఏ సైజు అన్నది అక్కడి సర్జన్‌కు మొదటి అవసరం. మందుల సంచిలోంచి యాంటీబయాటిక్ స్ట్రిప్పులు తీసేయించండి. గొడవ పడుతుంది, పడనివ్వండి.

*

ఊళ్లో ఉండి పాడి పెట్టుకున్నవాళ్లకు ఇంకో మాట. గేదెలు, ఆవులు, మేకలు, గొర్రెల నుంచి వచ్చే బ్రుసెల్లా కూడా కృత్రిమ కీళ్లను పట్టిన సందర్భాలున్నాయి. ఇది గీత మీద ఆధారపడదు. పచ్చిపాలు తాగితే వస్తుంది. పశువు నెలలు నిండకుండా ఈసుకుపోయినప్పుడు ఆ దూడనూ మాయనూ ఉత్త చేతులతో ఎత్తిపారేస్తే వస్తుంది. పాలు పొంగించి తాగండి. ఈనే పశువు దగ్గర పని చేసేటప్పుడు మోచేతుల దాకా గ్లవుజులు వేసుకోండి, దొరక్కపోతే ఆ పని మోకాలిలో లోహం లేనివాళ్లకు, చేతుల మీద గాయాలు లేనివాళ్లకు అప్పగించండి. వారాల తరబడి వచ్చిపోయే జ్వరం, రాత్రిళ్లు చెమట, నడుం నొప్పి, వాటితో పాటు మోకాలు కూడా నొప్పి చేస్తే డాక్టరుకు మీ పశువుల సంగతి చెప్పండి. ఇది మీ కోసమే కాదు. బ్రుసెల్లా ఉండొచ్చని ముందే తెలియకపోతే మీ ద్రవాన్ని పరీక్షించే ల్యాబు మనిషికే అది అంటుకునే ప్రమాదముంది, తెలిస్తే వాళ్లు వేరే జాగ్రత్తలతో పళ్లెం తెరుస్తారు.

మీ కుక్కకో పిల్లికో టీకాలు వేసిన పుస్తకం పశువుల ఆసుపత్రి ఇచ్చే ఉంటుంది. దాన్ని మీ మోకాలి ఫైలులోనే పెట్టండి. ఫైలు మొదటి పేజీ మీద పెన్నుతో రాయండి: ఏ కాలు, ఏ సంవత్సరం, సుగరు ఉందా, ప్లీహం తీశారా, పెన్సిలిన్ పడుతుందా, ఇంట్లో ఏ జంతువులున్నాయి. డాక్టరుగారి బల్ల మీద ఆ పేజీ పైకి ఉండేలా పెట్టండి. మీకు బిడియమైతే అదే చెబుతుంది.